గీత వెనక అంకెలు

అంకెల్ని గీతలుగా మార్చడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని ఒకప్పుడు ఎవరో కనిపెట్టాల్సి వచ్చిందన్న సంగతే గుర్తుండదు. 1786లో విలియమ్ ప్లేఫెయిర్ లండన్‌లో ఒక అట్లాసు అచ్చువేశాడు. పేరుకి అట్లాసే గానీ, అందులో ఉన్నవి ఇంగ్లండ్ ఎగుమతులూ దిగుమతులూ ఏటేటా ఎలా పెరిగాయో, తగ్గాయో చూపే గీతలు. స్కాట్లండ్‌కి మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఒక్క ఏడాదితో గీత సాగదు కాబట్టి, వ్యాపారం చేసిన ఒక్కో ప్రాంతానికి ఎగుమతికొకటి, దిగుమతికొకటి చొప్పున పట్టీలు గీసి సరిపెట్టాడు. ఇవాళ మనం బార్ చార్ట్ అంటున్నది అదే.

ప్లేఫెయిర్ అంతకుముందు జేమ్స్ వాట్ దగ్గర పనిచేశాడు. ఆవిరియంత్రాల వాటే. పాత యజమాని అతనికొక సలహా ఇచ్చాడు: బొమ్మలతో పాటు వాటి వెనకున్న పట్టికలు కూడా అచ్చువెయ్యి, లేకపోతే ఇవన్నీ నీ ఒక్కడి మాట మీదే నిలబడ్డట్టుంటాయి, ఈ లెక్కలు ఎక్కడివని జనం అడుగుతారు. ప్లేఫెయిర్ విన్నాడు. ఆ తర్వాత చార్టులు గీసినవాళ్ళందరూ వినలేదు. అందుకే గీతలోంచి అంకెల్ని వెనక్కి లాగడం ఒక పనైంది.

ఆ పనికి కూడా వాట్ ఇంట్లోనే ఒక మూలం ఉంది. ఇంజను లోపలి పీడనాన్ని పెన్సిల్‌తో కాగితం మీద గీయించే పరికరాన్ని అతనూ, సహాయకుడు జాన్ సదర్న్ కలిసి 1796 ప్రాంతంలో తయారుచేశారు. ఆ గీత చుట్టుకొచ్చి మూసుకున్నాక, లోపలి వైశాల్యమే ఇంజను ఒక్కో విడతలో చేసిన పని. మరి వంకరటింకర బొమ్మ వైశాల్యం కొలిచేదెలా? 1854లో స్విట్జర్లాండ్ గణితవేత్త యాకోబ్ ఆమ్‌స్లర్ తెచ్చిన ప్లానిమీటర్‌తో అంచు వెంబడి ముల్లు తిప్పితే చాలు, చిన్న చక్రం వైశాల్యం చెప్పేసేది.

కంప్యూటర్లొచ్చాక వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ లాంటివి ఇదే పని చేశాయి. అక్షం మీద తెలిసిన రెండు బిందువులు మనం చూపిస్తాం, మిగతాది త్రైరాశికం. బొమ్మలో సున్నా 400వ పిక్సెల్ వరస దగ్గర, నూరు 100వ వరస దగ్గర ఉంటే, 250వ వరసలో ఉన్న చుక్క విలువ 50. ఒక్కో పిక్సెల్ విలువ సుమారు 0.33. అంతకంటే సన్నగా చదవడం ఆ బొమ్మలోంచి కష్టం. పొరపాటు ఎంత ఉండొచ్చో పరికరమే చెబుతోందన్నమాట.

ఇప్పుడు బొమ్మని ఏఐకి ఇచ్చి పట్టిక అడిగితే క్షణాల్లో వస్తుంది. పట్టీల మీద అంకెలు అచ్చై ఉంటే బాగానే చదువుతుంది. లేనిచోట అంచనా వేస్తుంది, కానీ రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే రకం దశాంశాలతో చెబుతుంది. చిక్కంతా అక్కడే. 2022లో వచ్చిన చార్ట్‌క్యూఏ అనే పరీక్షలో అంకె 5 శాతం అటూ ఇటూ అయినా సరైనట్టే లెక్క. 40 అనాల్సిన చోట 38 అన్నా, 42 అన్నా పాసే.

పరీక్షకి అది చాలు. వైద్యానికి చాలదు. క్యాన్సర్ మందుల పరిశోధనా పత్రాల్లో రోగుల మనుగడ మెట్లలా దిగే గీతగా ఉంటుంది, ఒక్కో రోగి వివరం ఉండదు. ఆ గీతలోంచి వ్యక్తిగత వివరాల్ని ఉజ్జాయింపుగా తిరిగి కట్టే పద్ధతిని 2012లో పాట్రిసియా గుయో బృందం ప్రచురించింది. అలా తీసిన అంకెలతో మందుల్ని పోల్చి చూస్తారు. రెండు మందుల మధ్య తేడాయే మూడు శాతమైతే, చదవడంలో వచ్చే తప్పు ఆ తేడాని మింగేయగలదు.

అలాగని ఏఐని పక్కన పెట్టక్కర్లేదు. అది ఇచ్చిన అంకెలతో చార్టుని మళ్ళీ గీసి, అసలు బొమ్మ మీద పరిచి చూడాలి. గీతలు తప్పుకున్నచోట చేత్తో కొలవాలి. పట్టిక పక్కన అసలు బొమ్మని ఉంచి, ఇవి బొమ్మలోంచి చదివిన అంకెలని రాయాలి. ప్లేఫెయిర్‌కి వాట్ చెప్పింది గీత పక్కన పట్టిక ఉంచమని. ఇప్పుడు పట్టిక పక్కన గీత ఉంచాల్సిన కాలం వచ్చింది. ఈ లెక్కలు ఎక్కడివన్న ప్రశ్న మాత్రం మారలేదు.