ఇల్లందు అడవులు – దేశపటము – పసుల బీళ్లు

దేశపటమనగా పాఠశాల గోడకు వ్రేలాడు చిత్రమని మనలో పెక్కండ్ర తలంపు. కాని నాగలి యెంతవరకు పోవలెనో, పసు వెచ్చట నాగవలెనో నిర్ణయించునది తరచుగా నీ కాగితమే. ఇందులకు ఇల్లందు ప్రాంతము మంచి నిదర్శనము.

1802లో మదరాసు సమీపమున లాంబ్టను దొర యారంభించిన త్రికోణమితి కొలత క్రమముగా నిజాము రాజ్యము మీదుగా నుత్తరమునకు సాగెను. ఆ కొలతల యాధారముననే సర్వే శాఖవారు తరువాతి కాలమున దేశములో చాలభాగమునకు మైలునకు అంగుళము చొప్పున పటములు తయారుచేసిరి. గుట్టల యెత్తులు, వాగులు, చెరువులు, బండిబాటలు, అడవి హద్దులు వానియందు కానవచ్చును.

ఇల్లందు నేలకు లోపలి విలువయు త్వరలోనే తెలిసెను. 1871లో కింగను భూగర్భ శాస్త్రజ్ఞు డిచ్చట బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందెను. డోర్నకల్లు నుండి రైలు వచ్చెను. దేశమున రైళ్లు పెరిగినకొలది, ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసి జీవించిన లంబాడీల వృత్తి క్షీణించెను. వారు తండాలు కట్టుకొని పసులను మేపుచు సేద్యమునకు దిగిరి. కోయలు పోడు కొట్టి కొన్నియేండ్లు పండించి, ఆ నేలను విశ్రాంతికై విడిచెడివారు.

పటము నిలిచియున్న దానిని చూపును. మేపు ఋతువులతో కదలును. విడిచిన పోడు పటమున వట్టి యడవి. వేసవిలో మంద పోవు దారికి గీతయే లేదు. ఆ యడవి రక్షితమైన పిమ్మట, గీతలేని దారిని నడచినవాడు అపరాధి యయ్యెను.

2006నాటి అటవీ హక్కుల చట్టము మేపు హక్కును గుర్తించినది. దాని నియమములలో ప్రాతపటములును, వృద్ధుల వాఙ్మూలమును సాక్ష్యములే. షెడ్యూల్డు తెగలకు చెందని యడవివాసులు 2005 డిసెంబరు 13కు పూర్వము 75 సంవత్సరముల, అనగా 1930 నుండి, నివాసమును చూపవలెను. కావున నా కాలమునకు ముందటి పటమున తమ పల్లె పేరు ఉన్న గొల్లకుటుంబమునకు ఆ చిన్న యక్షరములే గొప్ప బలము.

అయితే పటమున లేనిదెల్ల లేనిదని తలచుట యన్యాయము. చదువుకొన్న యువకులు ప్రాతపటమును గ్రామసభ ముందుంచి, వాగుల పేర్లు, బీళ్ల పేర్లు, మందల దారులు పెద్దలనడిగి వ్రాయవలెను. ఆ పెద్దలు పోయిన వెనుక వ్రాయుట కెవ్వరికిని సాధ్యము కాదు.