శిక్షణార్థా, కార్మికుడా? – మన కర్మాగారాల్లో అప్రెంటిస్ చరిత్ర

విద్యార్థులారా! ఇంజనీరింగ్ డిప్లొమా లేదా డిగ్రీ పూర్తిచేసి ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరినవారు ఉదయం షిఫ్టు సైరన్ మోగగానే కార్మికులతో కలిసే గేటు దాటతారు. వారి పక్కనే యంత్రం ముందు నిలబడతారు. కాని నెలాఖరున వారి చేతికి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. మరి వారు విద్యార్థులా, కార్మికులా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న చుట్టూనే మన దేశంలో అప్రెంటిస్‌షిప్ చరిత్ర అంతా తిరిగింది. ఆ చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

యంత్ర పరిశ్రమ రాకముందు మన దేశంలో వృత్తివిద్యకు ఇల్లే బడి. కమ్మరి కొడుకు కొలిమి తిత్తులు ఊదుతూ, తండ్రి చేతిని చూస్తూ పని నేర్చుకునేవాడు. గడువు లేదు, పరీక్ష లేదు, ఒప్పందపత్రం లేదు. ఒప్పందపత్రాన్ని తెచ్చింది బ్రిటిష్ పాలన. 1850లో చేసిన అప్రెంటిస్ చట్టం ముఖ్యంగా అనాథలను, పేదపిల్లలను ఉద్దేశించింది. 10 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను తండ్రి లేదా సంరక్షకుడు గరిష్ఠంగా ఏడేళ్లపాటు ఒక యజమాని వద్ద పనికి ఒప్పగించవచ్చు. పిల్లలకు బతుకుతెరువు చూపడమే ఆ చట్టం ఉద్దేశం. అయితే అందులో శిక్షణ కంటే కట్టుబాటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ తరువాత రైల్వేలు వచ్చాయి. 1862లో బీహార్‌లోని జమాల్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాప్ మొదలైంది. మన ప్రాంతంలో నిజాం రైల్వే 1893లో సికింద్రాబాద్ సమీపంలోని లాలాగూడలో వర్క్‌షాప్ నెలకొల్పింది. ఆవిరి ఇంజను భాగాలు తయారుచేయడానికి వంశపారంపర్యంగా వచ్చిన చేతి నేర్పు ఒక్కటే చాలదు. డ్రాయింగ్ చదవాలి, కొలతలు తెలియాలి, లెక్క కట్టాలి. అయినా పైస్థాయి శిక్షణలో ఐరోపావారికి, ఆంగ్లో ఇండియన్లకే ప్రాధాన్యం దక్కింది. భారతీయులు ఎక్కువగా కింది పనులకే పరిమితమయ్యారు. శిక్షణ అందకపోవడమంటే అధికారం అందకపోవడమేనని ఇక్కడ గమనించాలి.

1916లో నియమితమై 1918లో నివేదిక ఇచ్చిన భారత పారిశ్రామిక సంఘం సాంకేతిక శిక్షణను కూడా పరిశీలించింది. ఆ సంఘ సభ్యుడైన మదన్‌మోహన్ మాలవీయ తన భిన్నాభిప్రాయాన్ని విడిగా రాశారు. 1921లో టాటా ఉక్కు సంస్థ జంషెడ్‌పూర్‌లో సాంకేతిక విద్యాలయం ప్రారంభించింది. విదేశీ నిపుణుల స్థానంలో భారతీయులను తయారుచేసుకోవలసిన అవసరం దాని వెనుక ఉంది. 1927లో జమాల్‌పూర్‌లో స్పెషల్ క్లాస్ అప్రెంటిస్ పథకం మొదలై, ఎందరో భారతీయులను రైల్వే మెకానికల్ ఇంజనీర్లుగా తీర్చిదిద్దింది.

స్వాతంత్ర్యం తరువాత పంచవర్ష ప్రణాళికలు భారీ పరిశ్రమలకు పునాది వేశాయి. 1953లో బెంగుళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్, 1956లో భోపాల్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ ఏర్పడ్డాయి. 1960 దశకంలో హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలసింది. యంత్రాలను విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. వాటిని నడిపే చేతులను మాత్రం ఇక్కడే తయారుచేయాలి. ఈ నేపథ్యంలో పార్లమెంటు 1961లో కొత్త అప్రెంటిస్ చట్టం చేసింది. 1850 నాటి చట్టం రద్దయింది. కొత్త చట్టం 1962 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం 18వ సెక్షన్ మన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది: అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. చేసిన ముక్కల లెక్కన అప్రెంటిస్‌కు డబ్బు చెల్లించకూడదు. అంటే ఉత్పత్తి కోసం తొందరపెట్టకుండా నేర్చుకునే వ్యవధి ఇవ్వాలి. ఫిట్టర్ ట్రేడులో చేరినవారు ముందు బెంచ్ వైస్ దగ్గర ఆకురాయి పట్టి ఇనుపముక్కను చదును చేయడం, వెర్నియర్ కాలిపర్‌తో కొలవడం నేర్చుకుంటారు. తరువాతే అసలు యంత్రాల దగ్గరకు వెళ్తారు. పనితోపాటు సిద్ధాంత పాఠాలూ ఉంటాయి. చివర పరీక్ష, జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఉంటాయి.

1973 సవరణ ఇంజనీరింగ్ పట్టభద్రులను, డిప్లొమాదారులను కూడా ఈ చట్టం పరిధిలోకి తెచ్చింది. వీరికి సాధారణంగా ఏడాది శిక్షణ. దీనిని ముంబయి, కోల్‌కతా, చెన్నై, కాన్పూర్‌లలోని నాలుగు ప్రాంతీయ బోర్డులు పర్యవేక్షిస్తాయి. తెలుగు రాష్ట్రాలు చెన్నై బోర్డు కిందికి వస్తాయి.

అయితే అదే 18వ సెక్షన్‌కు రెండో వైపు కూడా ఉంది. కార్మికుడు కాదు కాబట్టి కార్మిక చట్టాల రక్షణ అప్రెంటిస్‌కు పూర్తిగా వర్తించదు. భద్రత, ఆరోగ్యం, గాయాలకు నష్టపరిహారం వంటివాటికి ఏర్పాటు ఉన్నా, వేతన హక్కు లేదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలనే నిర్బంధం యజమానికి లేదని 22వ సెక్షన్ చెప్పింది. అందువల్ల సర్టిఫికెట్ చేతపట్టుకుని గేటు బయట నిలబడినవారు ఎందరో. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అప్రెంటిస్‌ల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం చూపింది. ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 2014 సవరణ మరో అడుగు వేసింది. తన వద్ద శిక్షణ పొందినవారి నియామకంపై ప్రతి యజమాని ఒక విధానం రూపొందించుకోవాలని కోరింది. అయితే ఉద్యోగం హక్కు కాలేదు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మందికి మించకుండా, తక్కువ కాకుండా అన్న వాదనకు తావులేకుండా, 30 లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి అయింది. వారి సంఖ్య మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు ఉండాలి.

విద్యార్థులారా! ఈ చరిత్ర ఒక కొలబద్దను మన చేతికిస్తుంది. అప్రెంటిస్‌కు తక్కువ డబ్బు ఇవ్వడాన్ని సమర్థించే కారణం ఒక్కటే: మిగిలినది విద్య రూపంలో అందుతోందన్న నమ్మకం. నేర్పేవారు లేకుండా ఏడాది పొడవునా ఒకే మీట నొక్కిస్తే, అక్కడ శిక్షణ పేరుతో చౌకశ్రమ జరుగుతున్నట్లే. కనుక రేపు మీలో ఎవరైనా ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరేటప్పుడు ఒప్పందపత్రం పూర్తిగా చదవండి. శిక్షణ కార్యక్రమం ఏమిటో అడగండి. ఏ రోజు ఏమి నేర్చుకున్నారో రాసి ఉంచండి. నేర్చుకునే హక్కును అడిగి తీసుకున్నప్పుడే శిక్షణార్థి అన్న మాటకు అర్థం ఉంటుంది.