పార్కిన్సన్స్‌తో జీవనం: మందుకు వేళ, ఇంటివారికి ఓపిక

పార్కిన్సన్స్ వ్యాధి అనగానే చేతుల వణుకే గుర్తుకు వస్తుంది. వణుకు లేని రోగులు కూడా ఉన్నారు. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకోవడం ఈ వ్యాధి ప్రధాన లక్షణాలు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం ఇందుకు కారణం. 1817లో ఆంగ్ల వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని సవివరంగా వర్ణించారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు.

వ్యాధిని పూర్తిగా నయం చేసే చికిత్స ఇంకా లేదు. అయినా క్రమబద్ధమైన దినచర్యతో చాలామంది ఏళ్ల తరబడి తమ పనులు తామే చేసుకోగలుగుతున్నారు.

మందు వేళ

చికిత్సలో ప్రధాన ఔషధం లెవోడోపా. మెదడుకు చేరి అది డోపమైన్‌గా మారుతుంది. దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసినట్లు భారతీయ శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి 1937లో వెల్లడించారు. అయితే గింజల పొడిలో దాని పరిమాణం ఒకే తీరుగా ఉండదు. కనుక వైద్యుని సలహా లేకుండా దానిని వాడరాదు.

వ్యాధి ముదిరేకొద్దీ ఒక్కో మాత్ర ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు అరగంట ఆలస్యమైనా రోగి కుర్చీలోంచి లేవలేకపోవచ్చు. పాలు, పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారం కొందరిలో మందు పనితీరును తగ్గిస్తుంది. అందుచేత మాత్రను పాలతో కాక నీటితో, సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. మందును హఠాత్తుగా మానడం ప్రమాదకరం. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినా మాత్రల వేళలను అక్కడి సిబ్బందికి రాసి ఇవ్వాలి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ ఈ లక్షణాలను పెంచుతుందని కుటుంబ సభ్యులు గుర్తుంచుకోవాలి.

కదలికే బలం

నడక, సైక్లింగ్, యోగా వంటి వ్యాయామాలు శరీర పటుత్వాన్ని, సమతుల్యతను కాపాడతాయి. నడుస్తుండగా పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతే రోగిని లాగకూడదు. నేలపై గీత ఉన్నట్లు ఊహించుకుని దానిని దాటమనడం, ఒకటి, రెండు అని లెక్కపెట్టడం కొందరికి ఉపకరిస్తుంది. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని నేల, రాత్రివేళ చిన్న దీపం ఉంటే పడిపోయే ముప్పు తగ్గుతుంది. గొంతు సన్నగిల్లితే స్పీచ్ థెరపీ మేలు చేస్తుంది.

కుటుంబం తెలుసుకోవలసినది

ముఖ కండరాలు బిగుసుకున్నందున రోగి ముఖంలో భావాలు కనిపించకపోవచ్చు. దానిని నిర్లక్ష్యంగానో, కోపంగానో భావించరాదు. దిగులు, నిద్రలేమి, మలబద్ధకం కూడా వ్యాధిలో భాగమే. వాటికీ చికిత్స ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా, అడిగేవరకు ఆగడం రోగి ఆత్మగౌరవాన్ని నిలుపుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో పార్కిన్సన్స్ ఒకటి. వైకల్య ధ్రువీకరణకు, గుర్తింపు కార్డుకు రోగులు దరఖాస్తు చేసుకోవచ్చు.