పల్నాట పెంతెకోస్తు పండుగ

 

క్రైస్తవుల పండుగలలో క్రిస్మస్, ఈస్టరు అను రెండును మనకందఱకును దెలిసినవే. ఈస్టరు మొదలుగా లెక్కింపఁగా ఏబదియవ దినమున వచ్చు పెంతెకోస్తు పండుగను గూర్చి యితరులు వినుట యరుదు. పెంతెకోస్తనఁగా గ్రీకుభాషలో ఏబదియవదని యర్థము. ఇది మే 10వ తేదికిని జూన్ 13వ తేదికిని నడుమ నొక యాదివారమున వచ్చును. ఆ దినమున బాప్తిస్మము పొందువారు తెల్లని వస్త్రములు ధరించుటచేత ఆంగ్లేయులు దీనిని తెల్లని యాదివారమనిరి. మాంచెస్టరు నగరమున 1801వ సంవత్సరము మొదలు ఆదివారపు బడుల పిల్లలు ఈ పండుగ వారములో నూరేగింపుగా నడచుట యాచారమయ్యెను.

పండుగ పుట్టుక యెట్టిది? యూదులు గోధుమ కోఁతల కాలమున యెరూషలేమునకు యాత్ర చేయుదురు. అట్లు నానాదేశములనుండి వచ్చినవారు, గలిలయవాసులైన సామాన్యులు మాటలాడుచుండఁగా, ఎవరి భాషలో వారు వినిరని అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పుచున్నది. ఇందలి విశేషమును గమనింపుఁడు. వినువారందఱు ఒక్క భాష నేర్వవలసిన పని లేకపోయెను. చెప్పువారే వినువారి భాషకు దిగివచ్చిరి. కనుక నిది భాషల పండుగ. బడికి మిక్కిలి తగిన పండుగ.

మన పల్నాటి చరిత్రయు నీ మాటకు సాక్ష్యమిచ్చును. జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన లూథరను బోధకుఁడు హెయ్యరు 1842 జూలై 31వ తేదిని గుంటూరు చేరెను. అప్పటికాయన వయస్సు నలువదితొమ్మిది. కలెక్టరు స్టోక్సు దొర తోడ్పాటుతో నాయన బడులు పెట్టించెను. 1849లో గురజాలకు వచ్చి పల్నాట నివసించెను. అంతకు పూర్వమే విశాఖపట్టణమున నుండిన బోధకులు చేసిన తెలుఁగు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చయ్యెను. తరతరములుగా నక్షరమునకు దూరముగా నుంచఁబడిన మాలమాదిగల బిడ్డలు అనేకులు మిషను బడులలోనే తొలిసారి పలక పట్టిరి. వారికి పెంతెకోస్తు కథ పరదేశపు కథ కాదు. తమ మాట తమ కంటఁబడిన కథ.

ఇఁక కారంపూడి మాట. పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుఁడు నానాకులములవారిని ఒక్క చాపపైఁ గూర్చుండఁబెట్టి భుజింపఁజేసిన చాపకూడును మనము నాగులేటి యొడ్డున ఏటేట కార్తికమున వీరుల తిరునాళ్లలో స్మరించుచున్నాము. మాల కన్నమదాసును ఆయన కుమారునిగాఁ జూచుకొనెను. యెరూషలేమునందలి తొలి విశ్వాసులును పెంతెకోస్తు తరువాత ఇంటింట రొట్టె విఱుచుచు సంతోషముతోఁ గలిసి భుజించిరఁట. రెండు కథలకును సంబంధము లేదు. కాని రెండింటి తీర్పు నొక్కటే.

అయితే పెద్దలారా! భాష కలిసినంత సులభముగా కంచము కలియదు. ఆ తొలి సంఘముననే, గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రకు అనుదినపు వడ్డనలో నన్యాయము జరుగుచున్నదని సణుగుడు పుట్టెను. పెద్దలు దానిని కప్పిపుచ్చలేదు. ఏడుగురిని వడ్డన చూచుటకు నియమించిరి. తెలుఁగునాట క్రైస్తవ సంఘములలోఁ గూడ కులభేదము సమసిపోలేదు. చాపకూడును పొగడు మన యూళ్లలోను సమసిపోలేదు. పండుగ జేసికొన్నంత మాత్రమున పని ముగియదని నేను చెప్పుటకు నిదియే కారణము.

మన బడులు వేసవి సెలవుల పిమ్మట జూన్ నడుమఁ దెఱవఁబడును. అందుచేత పెంతెకోస్తు తఱచుగా బడి మూసియున్నప్పుడే రోహిణి యెండలలో గడచిపోవును. బడి తెఱచిన తొలివారమున ఆ పండుగను జరుపుకొన్నఁ దప్పేమి? లంబాడీ తండానుండి వచ్చిన పిల్ల తన భాషలో నొక మాట చెప్పవచ్చును, ఉర్దూ పలుకు పిల్లవాఁడు తన మాట చెప్పవచ్చును, తక్కినవారు వినవచ్చును. 2003 మొదలు మన ప్రభుత్వపు బడులలో మధ్యాహ్నమున వండి వడ్డించుచున్నారు. ఆ పంక్తిలో నెవరి ప్రక్క నెవరు కూర్చుండుచున్నారో, వండిన చేయి నెవరైనఁ గాదనుచున్నారో పెద్దలు స్వయముగా వెళ్లి చూడవలయును. ఏడుగురిని నియమించిన నాటి పెద్దల పని యదియే. చాప పఱచిన బ్రహ్మనాయుని పనియు నదియే.