సుబ్బారావుకి దక్కాల్సిన పేరు ఏది?

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రస్తావన వస్తే గోదావరి జిల్లాల్లో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "ఏటీపీ కనిపెట్టింది మనవాడే, పేరు మాత్రం పరాయివాళ్ళు కొట్టేశారు." అభిమానం సరే, సాక్ష్యం ఏమంటోంది?

ఎవరు ముందు అన్న తగువుకి పేటెంట్ చట్టంలో ఒక కొలత ఉంది. కొత్తదని చెప్పుకున్న ప్రతి అంశమూ అంతకుముందు వెలువడిన ఏదో ఒకే పత్రంలో ఉండాలి. అప్పుడే అది పాతదని తేలుతుంది. ఒక్క అంశం లోపించినా ఆ పత్రం దాని కొత్తదనాన్ని కొట్టెయ్యలేదు.

ఈ కొలతతో చూస్తే ఏటీపీ మీద మన వాదన నిలవదు. జర్మనీలో కార్ల్ లోమన్ పత్రం 1929 ఆగస్టులో అచ్చయింది. హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్కే, సుబ్బారావుల పత్రం అక్టోబరులో 'సైన్స్'లో వచ్చింది. రెండు చోట్లా విడివిడిగా కనుక్కున్నారు. అచ్చు తేదీ మాత్రం లోమన్ వైపే ఉంది.

అసలు పట్టించుకోవాల్సిన తగువు 1927 నాటిది. లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇట్టే విడిపోయే ఫాస్ఫేట్ పదార్థం ఉందని చూపించారు. కండరం అలిసినప్పుడు అది తరిగిపోతుంది, తేరుకున్నాక మళ్ళీ పెరుగుతుంది. దానికి 'ఫాస్ఫజెన్' అని పేరు కూడా పెట్టారు కానీ అదేమిటో తేల్చలేదు. తేల్చింది ఫిస్కే, సుబ్బారావులు. ఫాస్ఫేటుతో జతకట్టింది క్రియాటిన్ అని అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించారు.

దారి చూపింది వాళ్ళ సొంత పద్ధతే. 1925లో వాళ్ళు ప్రచురించిన ఆ పద్ధతిలో, ఫాస్ఫేట్ ఎంతుందో మాలిబ్డేటుతో వచ్చే నీలిరంగు గాఢతని బట్టి కొలుస్తారు. కండరపు రసంలో ఆ రంగు ఆలస్యంగా వచ్చేది. అది పద్ధతిలోని లోపం కాదు, ఏదో పదార్థం మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటుని వదులుతోందని వాళ్ళు పట్టుకున్నారు.

కాబట్టి ఎగల్టన్ల పత్రం ముందుదే అయినా సుబ్బారావు పనిని పాతది చెయ్యదు. ఒక పదార్థం ఉందని చూడటం వేరు, అది ఫలానా అని నిరూపించడం వేరు.

దాని ఫలితం చిన్నది కాదు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచే వస్తుందని అప్పటిదాకా నమ్మేవారు. లాక్టిక్ ఆమ్లం తయారు కాకపోయినా కండరం కొంతసేపు పనిచేస్తుందనీ, ఆ శక్తి ఫాస్ఫోక్రియాటిన్‌దనీ 1930లో లుండ్స్‌గార్డ్ చూపించాడు. పాత సిద్ధాంతపు పెద్దల్లో ఒకడైన ఏ.వి. హిల్లే 1932లో దీన్ని విప్లవం అన్నాడు.

జరగని దొంగతనం మీద కోపంతో, రుజువైన ఘనతని మనమే మరుగున పెట్టేస్తున్నాం.