రోజాలో ఉన్న పేగు

మన ఇళ్ళల్లో ఎవరికైనా పొట్ట బాగోకపోతే "హాజ్మా ఖరాబ్ అయ్యింది" అంటాం. మసాలా ఎక్కువైతే "మేదాలో గర్మీ" అంటాం. ఇవి వంటింటి మాటలే అనుకుంటాం గానీ, వీటి వెనక వెయ్యేళ్ళకు పైబడిన తారీఖ్ ఉంది.

ఉర్దూ మీడియం బడిలో నేను చదివింది "నిజామే ఇన్‌హిజామ్". డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే "జీర్ణ వ్యవస్థ" అయ్యింది. ఇప్పుడు మన పిల్లలకు అది "డైజెస్టివ్ సిస్టమ్". జుబాన్‌లు మూడు. అయినా లోపలి భాగాల పేర్లు కొన్ని చూస్తే అన్నిటి ఖాందాన్ ఒకటే.

ఇబ్నె సీనా (980–1037) తన "అల్ ఖానూన్ ఫిత్తిబ్"లో పేగులు ఆరు అని లెక్క చెప్పాడు. మొదటిది "ఇస్నా అషరీ", అంటే పన్నెండుది. పన్నెండు వేళ్ళ వెడల్పంత పొడవుంటుందని ఆ పేరు. ఇంగ్లీషులో వాడే డియోడినం అనే లాటిన్ మాటకూ అర్థం పన్నెండే. రెండోది "సాయిమ్". అవును, రోజాలో ఉన్నవాణ్ని మనం పిలిచే మాటే! కోసి చూసినప్పుడు ఆ పేగు చాలాసార్లు ఖాళీగా కనిపించేది, అందుకని ఆ పేరు. లాటిన్‌లో జెజునం అన్నా ఉపవాసమే. నాలుగోది "ఆవర్", అంటే ఒంటికన్నుది. ఒకవైపు మూసుకుపోయి సంచిలా ఉంటుంది కాబట్టి. లాటిన్ దాన్ని గుడ్డిది అంది, మన తెలుగు పాఠ్యపుస్తకం అంధనాళం అంది. ఐదోది "ఖోలూన్". పెద్దవాళ్ళు కడుపునొప్పిని "ఖూలంజ్" అనడం దాన్నుంచి వచ్చిందే. చివరిది "ముస్తఖీమ్", తిన్ననిది. ఇక మేదా కింది ద్వారం పేరు "బవ్వాబ్", అంటే దర్వాజా దగ్గర నిలబడే కాపలాదారు.

ఇవన్నీ చూసి "అంగ్రేజ్ వాళ్ళు మన దగ్గర కాపీ కొట్టారు" అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఉంటారు. అది సహీ కాదు. ఈ పేర్లకు మూలం గ్రీకు. తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల కాలంలో జాలీనూస్ (గాలెన్) గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. ఆ పని చేసినవాళ్ళలో సబ్ సే బడా పేరు హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన క్రైస్తవుడు. చాలా గ్రీకు పేర్లను యథాతథంగా దించుకోకుండా అర్థాన్ని తర్జుమా చేసుకున్నారు. లాటిన్ వాళ్ళు చేసిందీ అదే. మన తిబ్బ్ పేరే "యూనానీ", అంటే గ్రీకులది. ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరులోనే ఒప్పుకున్నారు.

మరి మన తబీబ్‌లు కొత్తగా ఏం చేశారు? కళ్ళతో చూశారు. పదో సదీలో మోసుల్ హకీమ్ అహ్మద్ ఇబ్నె అబీ అల్ అష్అస్ నలుగురి ముందు ఒక సింహం గొంతులో కుండల కొద్దీ నీళ్ళు పోశాడు. మేదా ఎలా సాగుతుందో, లోపలి ముడతలు ఎలా నునుపవుతాయో చూశాడు. తర్వాత దాన్ని కోసి నీళ్ళు వదిలేస్తే అది ముడుచుకుంది. అప్పుడు బవ్వాబ్ కనిపించింది.

ఇంకొకరు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162–1231). కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని జాలీనూస్ రాశాడు. వెయ్యేళ్ళుగా అందరూ అదే చదివారు. మిస్ర్‌లో 1200 తర్వాత వచ్చిన ఘోరమైన కరువులో గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను అబ్దుల్ లతీఫ్ పరిశీలించాడు. రెండు వేలకు పైగా పుర్రెలు చూశాడు, ఇతరులకూ చూపించాడు. దవడ ఎముక ఒక్కటే. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా, ఆయన మాట కంటే కళ్ళ గవాహీ నమ్మదగ్గది అని రాశాడు. ఉస్తాద్ మీద అదబ్ పోలేదు, గలతీని మాత్రం గలతీ అన్నాడు.

యూనానీ ప్రకారం హజ్మ్ నాలుగు చోట్ల జరుగుతుంది. మేదాలో తిండి హరారత్‌తో ఉడికి "కైలూస్" అవుతుంది. జిగర్‌లో అది "కైమూస్"గా మారి ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా తయారవుతాయి. మూడో హజ్మ్ రగాల్లో, నాలుగోది అవయవాల్లో. వినడానికి ఎంతో అందమైన లెక్క, కానీ చాలావరకు నిలబడలేదు.

1622లో ఇటలీలో గాస్పరే అసెల్లీ అప్పుడే తిన్న కుక్క పొట్ట కోసి, పేగుల దగ్గర పాలలా తెల్లటి నాళాలు చూశాడు. అవి జిగర్‌కే వెళ్తాయనుకున్నాడు, పాత చదువు అలాంటిది మరి. 1651లో ఫ్రాన్స్‌లో జాఁ పెకే ఆ తెల్లటి ద్రవం జిగర్‌లోకి పోకుండా ఛాతీలోని నాళం గుండా నేరుగా రక్తంలో కలుస్తుందని చూపించాడు. కొవ్వు వెళ్ళే దారి అదే. చక్కెర, ప్రోటీన్ ముక్కలు మాత్రం ముందు జిగర్‌కే పోతాయి. పాతవాళ్ళ మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ ఖూన్ తయారయ్యేది జిగర్‌లో కాదు, మనలో అది ఎముకల మూలుగలో తయారవుతుంది.

"హరారత్‌తో ఉడుకుతుంది" అన్నదాని జవాబు అమెరికాలో దొరికింది. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే గరీబ్ కూలీకి తుపాకీ దెబ్బ తగిలి, మేదాకు పడిన రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియమ్ బోమాంట్ మాంసం ముక్కను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలి, గంటకోసారి తీసి చూసేవాడు. లోపలి రసాన్ని సీసాలోకి తీసి వెచ్చగా ఉంచితే, మేదా బయట కూడా మాంసం కరిగింది. అంటే అసలు పని రసానిది. వేడి దానికి మదద్ చేస్తుంది, అంతే. ఆ ఇల్మ్ కోసం ఒక పేదవాడి శరీరం ఏళ్ళ తరబడి తజుర్బాలకు వాడబడిందని కూడా గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. దాని దారుల్ తర్జుమా కొత్త సైన్స్‌ను ఉర్దూలోకి తెచ్చింది. బగ్దాద్‌లో జరిగిన పనే మళ్ళీ మన షహర్‌లో జరిగింది. నేర్చుకోవడానికి ఎవరూ నామోషీ పడలేదు.

అందుకే మన పిల్లలు డైజెస్టివ్ సిస్టమ్ బొమ్మ గీస్తున్నప్పుడు పక్కన కూర్చుని సాయిమ్, ఆవర్, బవ్వాబ్ అని చెప్పండి, పేర్లు ఇట్టే గుర్తుంటాయి. దాంతో పాటే నాలుగు హజ్మ్‌ల లెక్క ఎక్కడ తప్పిందో కూడా చెప్పండి. "మా హకీమ్‌లు అంతా ముందే చెప్పేశారు" అని మాత్రం నేర్పకండి. రెండు వేల పుర్రెలు చూసిన అబ్దుల్ లతీఫ్ ఆ మాట ఒప్పుకోడు.