అంతేవాసి ఆరోగ్యం: డోర్నకల్ అనుభవం, నేటి విశ్వవిద్యాలయం

మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుతున్న ఒక తమిళ విద్యార్థి 1890ల తొలినాళ్లలో డిగ్రీ పరీక్షల ముంగిట జబ్బుపడ్డాడు. గణితశాస్త్ర పరీక్ష రాయలేకపోయాడు. పట్టా చేతికి రాకుండానే కళాశాల విడిచాడు. తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో 1874లో పుట్టిన ఆ యువకుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసే వరకు ఆ బాధ్యతలో కొనసాగారు.

విద్యా చరిత్రలో ఇటువంటి అనారోగ్యాలకు చోటు తక్కువ. పట్టాలు పొందినవారి జాబితాలు ఉంటాయి. జబ్బుచేసి మధ్యలో వెళ్లిపోయినవారి జాబితాలు ఉండవు. అజరయ్య పేరు నిలిచింది గనుక ఆయన తప్పిన పరీక్ష సంగతి కూడా నిలిచింది. అయితే అదే వ్యక్తి తరువాతి కాలంలో తన చేతికి అధికారం వచ్చినప్పుడు విద్యార్థుల బతుకును ఏ విధంగా అమర్చారన్నది విద్యార్థి సంక్షేమ చరిత్రలో విడిగా పరిశీలించదగిన విషయం. విద్యార్థి ఆరోగ్యాన్ని గురించి నేడు జరుగుతున్న చర్చ ఎక్కువగా ఏర్పాట్ల చుట్టూ తిరుగుతోంది. డోర్నకల్ అనుభవం దానికి ముందున్న మరొక ప్రశ్నను ముందుకు తెస్తుంది: ఆరోగ్యాన్ని కనిపెట్టవలసిన మనిషి విద్యార్థికి ఎంత దగ్గరలో ఉన్నాడు?

‘అంతేవాసి’ అన్న మాట

శిష్యుడికి సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన పేర్లలో ‘అంతేవాసి’ ఒకటి. దగ్గర నివసించేవాడు అని దాని అర్థం. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో ఆచార్యుడు చదువు ముగిసిన శిష్యుడికి చేసే ఉపదేశ సందర్భంలో ఈ మాటే కనిపిస్తుంది. తెలుగు వాడుకలో క్రమంగా ఆ సామీప్యార్థం మరుగునపడి, కేవలం శిష్యుడనే అర్థం మిగిలింది.

ఆ సామీప్యం ఎప్పుడూ మేలే చేసిందనుకోవడం పొరపాటు. వ్యాసభారతం ఆదిపర్వంలో ఆయోదధౌమ్యుని శిష్యుడు ఉపమన్యువు కథ ఇందుకు నిదర్శనం. గురువు పశువులను కాయమని పంపి, శిష్యుడు తెచ్చుకున్న భిక్షను తానే తీసుకుంటాడు; రెండోసారి భిక్షకు వెళ్లవద్దంటాడు; ఆవుపాలు తాగవద్దంటాడు; దూడల మూతి నురుగు కూడా తాగవద్దంటాడు. ఆకలికి తాళలేక ఉపమన్యువు జిల్లేడాకులు తిని, చూపు పోగొట్టుకొని, బావిలో పడతాడు. ఈ కథను గురుభక్తికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. ఆరోగ్య దృష్టితో చదివితే ఇది గురువు పెట్టిన ఆకలి వల్ల శిష్యుడి దేహం దెబ్బతిన్న కథ. అయినా ఇందులోనే మరొక ముఖ్యాంశం ఉంది. పొద్దుగూకినా శిష్యుడు తిరిగి రాలేదని గమనించినవాడు, అడవికి వెళ్లి పేరుపెట్టి పిలిచినవాడు కూడా ఆ గురువే. హానీ, రక్షణా ఒకే సామీప్యం నుండి వచ్చాయి.

ఈ సామీప్యానికి ఇంకొక హద్దు కూడా ఉంది. గురుకులం పేరుతో సంప్రదాయం కీర్తించిన ఆ ముంగిలి మాల మాదిగ పిల్లలకు తెరుచుకోలేదు. గురువు దగ్గర కూర్చోవడం, ఆ ఇంటి నీళ్లు తాగడం, ఆ ఇంటి అన్నం తినడం వారికి నిషిద్ధాలు. కనుక ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో నిజాం రాజ్యంలోని ఒక రైలుకూడలి పక్కన అటువంటి కుటుంబాల నుండి వచ్చినవారు ఉపాధ్యాయులతో కలసి నివసించి చదువుకున్నారంటే, దానిని పాత గురుకులానికి పునరుద్ధరణగా భావించడం సరికాదు. పాత గురుకులం నిరాకరించినదే అక్కడ మొదలయింది.

ఎడింబరో నుండి డోర్నకల్‌కు

అజరయ్య 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదిలో పనిచేశారు. శరీరం, మనస్సు, ఆత్మ ఒకే త్రిభుజానికి మూడు భుజాలన్నది ఆ సంస్థ చిహ్నంలోనే ఉన్న భావన. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించినప్పుడు ఆయన దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. విదేశీ ధనం లేకుండా భారతీయులే నడపాలన్న సంకల్పంతో ఏర్పడిన ఆ సంఘం తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నది తమిళదేశాన్ని కాదు, డోర్నకల్ పరిసరాలను. 1909లో కార్యదర్శి పదవిని వదులుకొని అజరయ్య కూడా అక్కడికే చేరి, తెలుగు నేర్చుకొని తెలుగులోనే పనిచేశారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధం. విదేశీ మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. వారు భారతీయ సహోద్యోగులను సమానులుగా ఇంటికి పిలవకపోవడాన్ని, ఒకే బల్ల వద్ద భోజనానికి కూర్చోకపోవడాన్ని ఎత్తిచూపారు. త్యాగం చేశారు, ప్రేమ చూపారు, ఇక మాకు స్నేహితులను కూడా ఇవ్వండని కోరుతూ ముగించారు. సభలో కొందరికి అది కృతఘ్నతగా తోచింది. మిషన్ చరిత్రకారులు ఈ ప్రసంగాన్ని జాతుల మధ్య సంబంధాల కోణంలో చదివారు. విద్యాసంస్థల కోణంలో చదివినా అది అంతే పదునైనది. పైస్థానంలో ఉన్నవాడు కిందివాడికి ఎంత మేలు చేసినా, ఇద్దరి మధ్య భోజనపు బల్ల లేనప్పుడు ఆ మేలు దయగా మిగిలిపోతుందన్నది ఆయన వాదం. దయకు పాత్రుడైనవాడు తన కష్టాన్ని పూర్తిగా చెప్పుకోడు. విద్యార్థి తన అస్వస్థతను అధ్యాపకుడి వద్ద దాచే సందర్భాల్లో పనిచేసేది కూడా ఈ సంకోచమే.

ఎడింబరోలో కిందిస్థానం నుండి మాట్లాడిన వ్యక్తి మూడేళ్లు తిరగకముందే పైస్థానంలోకి వచ్చారు. డోర్నకల్‌లో దైవశాస్త్ర శిక్షణను ఆయన తీర్చిదిద్దిన తీరులో మూడు సంగతులు ప్రస్తావించదగినవి. బోధన తెలుగులో సాగింది. శిక్షణకు వచ్చినవారిలో చాలామంది అంతకుముందే పల్లెల్లో బడిపంతుళ్లుగా పనిచేసినవారు, పెళ్లయినవారు. వారు భార్యాబిడ్డలతో కలసి అక్కడ నివసించారు. భర్తలతో పాటు భార్యలకూ చదువు, పరిశుభ్రత, శిశుపోషణలలో శిక్షణ ఉండేది. ఈ పనిలో అజరయ్య సతీమణి అన్బు మరియమ్మాళ్ ప్రధాన పాత్ర వహించారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలితరానికి చెందిన ఆమె భర్త వెంట డోర్నకల్ వచ్చి, బిషప్ గృహిణి అన్న హోదాకే పరిమితం కాకుండా స్త్రీల మధ్య పనిచేశారు. ఇక మూడోది శారీరక శ్రమ. తోటపని, చేతిపని చదువులో భాగాలు. 1937 వార్ధా విద్యాపథకం కంటే ముందే నడిచిన ప్రయత్నమిది, అయితే ఆ కోణంలో దీనిని తలచుకున్నవారు అరుదు.

ఇక్కడ విద్యార్థి ఆరోగ్యం కోసం ప్రత్యేక విభాగమేదీ అక్కరలేకపోయింది. ఇల్లు, నీళ్లు, భోజనం, పని, ఇరుగుపొరుగు అన్న అయిదింటి అమరికలోనే అది ఇమిడి ఉంది. కుటుంబంతో ఉన్న విద్యార్థికి జ్వరం వస్తే పక్కింటికి తెలుస్తుంది. పక్కింటికి తెలిసినది ఉపాధ్యాయుడికి తెలుస్తుంది. మాల, మాదిగ కులాల మధ్య సహపంక్తి అప్పట్లో అంత సులువైన విషయం కాదన్నది గుర్తుంచుకుంటే, ఒకే ఆవరణలో కలసి బతకడమే ఒక రకమైన చికిత్స అని అర్థమవుతుంది. ఎవరూ ముట్టుకోని దేహానికి మొదటి ఆరోగ్యం ముట్టుకునే మనిషి దొరకడం.

ఈ నమూనాను ఆదర్శంగా నిలబెట్టడానికి అడ్డంకులు లేకపోలేదు. అది మత సంస్థ. అక్కడి సంరక్షణ మతశిక్షణతో, నడవడిపై నిఘాతో విడదీయరానిది. దగ్గరగా ఉన్న కన్ను జ్వరాన్ని మాత్రమే చూడదు, తప్పునూ చూస్తుంది. పైగా ఆ సంరక్షణ భారంలో పెద్దభాగం జీతం లేని స్త్రీల మీద పడింది. నేటి విశ్వవిద్యాలయం డోర్నకల్ నుండి తీసుకోగలిగినది ఆ దూరపు కొలతను మాత్రమే.

నివేదికలు నిర్మించిన దూరం

డోర్నకల్‌లో ఈ ప్రయత్నం సాగుతున్న రోజుల్లోనే విశ్వవిద్యాలయాలు మరొక దారిలో నడిచాయి. 1917–19 నాటి కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, అంటే శాడ్లర్ కమిషన్, విద్యార్థి సంక్షేమానికి ప్రత్యేక మండలి కావాలని సూచించింది. 1920 నుండి కలకత్తాలో విద్యార్థులకు వైద్య పరీక్షలు మొదలయ్యాయి. ఆరోగ్యం విశ్వవిద్యాలయ బాధ్యత అన్న గుర్తింపు అందులో ఉంది. అదే సమయంలో అది అధ్యాపకుడి చేతినుండి మండలి చేతికి మారడం కూడా అందులోనే ఉంది.

హైదరాబాద్ రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూస్తూ విద్యార్థుల మధ్య మసలి, అక్కడి గ్రంథాలయాన్ని వృద్ధి చేశారు. పల్లె నుండి నగరానికి వచ్చిన కుర్రవాడికి తెలిసిన తిండి, తెలిసిన భాష, పలకరించే పెద్దమనిషి దొరకడం ఆ హాస్టల్ చేసిన అసలు మేలు. ఆ వసతి కులాన్ని బట్టి అమరినది గనుక, వెనుక దాతలు లేని కులాల పిల్లలకు ఆ ఊతం చాలాకాలం అందలేదు.

స్వాతంత్య్రానంతరం సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఈ విషయంలో మరచిపోరాని సూచనలు చేసింది. ప్రవేశ సమయంలోనూ, తరువాత ఏటా ఒకసారైనా ఉచిత వైద్య పరీక్ష, అందుబాటు ధరకు మధ్యాహ్న భోజనం, వ్యాయామ విద్య, విద్యార్థి సంక్షేమ సలహా మండలి వాటిలో కొన్ని. హాస్టల్ భవనంలో ఒక్కో విభాగంలో యాభై మందికి మించి విద్యార్థులు ఉండరాదన్నది మరొకటి. ఈ చివరి సూచనకు తగిన చర్చ జరగలేదు. ఒక పెద్దమనిషి పేరుపెట్టి పిలవగలిగిన సంఖ్య అది. 1931 నుండి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన రాధాకృష్ణన్‌కు హాస్టల్ జీవితం కాగితం మీది విషయం కాదు. నేడు వందల మందికి ఒక వార్డెన్, అదీ తన బోధన బాధ్యతలకు అదనంగా, ఉండటం సాధారణం. హాస్టల్‌కూ జైలుకూ తెలుగువాడు ఒకే ‘వార్డెన్’ మాట వాడుతున్నాడంటే భాష ఏదో గ్రహించిందనుకోవాలి.

తెలంగాణ ప్రాంతంలో ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం విశ్వవిద్యాలయం నుండి కాక పాఠశాల నుండి వచ్చింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. ఉపాధ్యాయుడు, విద్యార్థి ఒకే ఆవరణలో ఉండాలన్నది దాని మూలసూత్రం. 1984 నుండి సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ సూత్రాన్ని దళిత విద్యార్థుల వద్దకు చేర్చాయి. ‘గురుకులం’ అన్న మాట ఏ పిల్లలను వెలిగా ఉంచిందో ఆ పిల్లల బడికే ఆ పేరు దక్కడం తెలుగుదేశపు విద్యా చరిత్రలో అపురూపమైన మలుపు.

ముందు గమనించేది ఎవరు

డోర్నకల్ నేడు మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. కాజీపేట–విజయవాడ మార్గం నుండి కొత్తగూడెం, ఇల్లెందు గనుల వైపు దారి చీలేది ఇక్కడే. చుట్టూ లంబాడా తండాలు, కోయ గూడేలు. ఇక్కడి నుండి పై చదువులకు వెళ్లే విద్యార్థికి సహజమైన గమ్యం ఓరుగల్లు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరే ఇటువంటి విద్యార్థి తరచుగా ఆ కుటుంబంలో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటి మనిషి. ఆ విద్యార్థికి పట్టే దిగులు పాఠం వల్ల మాత్రమే కలిగినది కాదు. రావలసిన ఉపకారవేతనం రాకపోవడం, మెస్ బకాయి, ఇంటి వద్ద అప్పు, తన ఉచ్చారణ పట్ల తరగతిలో వినిపించే నవ్వు, ఇవన్నీ కలసి నిద్రను, ఆకలిని తినేస్తాయి. ఇక్కడ ఉపకారవేతనాల విభాగంలో గుమాస్తా ఫైలు త్వరగా కదపడం కూడా ఆరోగ్యరక్షణే. శాఖలో తెలుగు అధ్యాపకుడికి ఇంకొక సౌలభ్యం ఉంది. విద్యార్థి తన కష్టాన్ని సొంత యాసలో, మాట వెతుక్కోకుండా చెప్పుకోగలిగిన గది విశ్వవిద్యాలయంలో ఎక్కడైనా ఉంటే అది తెలుగు శాఖలోనే ఉండాలి. దిగులు, బెంగ, రంది, గుబులు అన్న మాటల మధ్య తేడా తెలిసినవారు అక్కడే ఉన్నారు. ‘రంది పెట్టుకున్న’ అన్న విద్యార్థి ఏమి చెబుతున్నాడో పరభాషా ప్రశ్నావళికి అందదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో విద్యార్థుల శారీరక, మానసిక స్వస్థతపై మార్గదర్శకాలు విడుదల చేసి, ప్రతి సంస్థలో విద్యార్థి సేవాకేంద్రం ఉండాలని కోరింది. విశాఖపట్నంలో ప్రవేశపరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మరింత కచ్చితమైన ఆదేశాలిచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు ఉండాలని, ఫలితాలను బట్టి విద్యార్థులను వేరువేరు బృందాలుగా విడదీయరాదని, బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలని వాటి సారాంశం.

ఈ ఆదేశాల్లో ‘బోధనేతర’ అన్న మాట కీలకం. విద్యార్థిలో మార్పును ముందుగా గమనించేది చాలాసార్లు ఆచార్యుడు కాదు. మూడు రోజులుగా ఎవరు అన్నానికి రాలేదో మెస్‌లో వడ్డించే మనిషికి తెలుసు. రాత్రి రెండింటికి ఎవరి గదిలో దీపం వెలుగుతోందో కాపలాదారుకు తెలుసు. తీసుకున్న పుస్తకాలన్నీ గడువుకు ముందే ఎవరు తిరిగిచ్చేశారో గ్రంథాలయ సహాయకుడికి తెలుసు. అధ్యాపకుడి వద్ద ఉన్నది హాజరుపట్టీ. శాతం లెక్కకట్టి పరీక్ష నుండి తొలగించే సాధనంగా దానిని వాడటం అలవాటైంది. వరుసగా పడిన సున్నాలను ధౌమ్యుడు పొద్దుగూకేవేళ చూసినట్లు చూస్తే అదే పట్టీ వెతుకులాటకు మొదటి ఆధారమవుతుంది. అయితే వెతకడానికి వెళ్లే కన్ను నిఘాగా మారకుండా ఉండాలంటే, విద్యార్థి చెప్పిన మాట శాఖ దాటి పోదన్న నమ్మకం ముందుగా కలగాలి.

డోర్నకల్ ఆవరణలో ఇరుగుపొరుగు చేసిన పనిని నేటి ఆవరణలో చేయగలిగినది ఈ సిబ్బందే. వంట, కాపలా, పారిశుద్ధ్యం పనులు చాలాచోట్ల గుత్తేదారుల చేతికి వెళ్లాయి. గుత్తేదారు మారినప్పుడల్లా మనుషులు మారుతున్నారు. విద్యార్థుల ముఖాలు గుర్తుపట్టేలోగా వారి ఒప్పందం ముగుస్తోంది. ఏడాదికి రెండుసార్లు జరగవలసిన ఆ శిక్షణకు హాజరు కావలసినవారి జాబితా తయారు చేసేటప్పుడు, సంస్థ జీతపు పట్టికలో పేరు లేని ఆ వంటమనిషిని సిబ్బందిగా లెక్కిస్తారా లేదా అన్నది ప్రతి రిజిస్ట్రారు కార్యాలయం ముందున్న ప్రశ్న.